రాజీనామా కాగితంలో రాయని కారణాలు

(హిందూపురంలో గార్మెంట్ కార్మికులు, డిగ్రీ, ఎం.బి.ఏ. విద్యార్థులు కలిసి హాజరైన సభలో చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం.

వారంలో దొరికేది ఈ ఒక్క ఆదివారమే. బట్టలు ఉతుక్కోవాలి, సరుకులు తెచ్చుకోవాలి, పిల్లలకు తలంటు పోయాలి. అంత పనీ పక్కన పెట్టి వచ్చిన అక్కచెల్లెళ్లకు ముందుగా నా కృతజ్ఞతలు. ఈ రోజు నేను మాట్లాడే సంగతులు మీకు నాకంటే బాగా తెలుసు. నా మాటల్లో తప్పుంటే మధ్యలోనే చెప్పండి, ఆగి వింటాను. వెనుక కూర్చున్న విద్యార్థులు మాత్రం కాస్త జాగ్రత్తగా వినాలి. రేపు మీలో కొందరు ఇవే ఫ్యాక్టరీల్లో హెచ్.ఆర్. విభాగంలో కూర్చుంటారు. అప్పుడు మీ బల్ల మీదికి రాజీనామా కాగితాలు వస్తాయి. వాటిని ఎలా చదవాలన్నదే నా విషయం.

ఈ ఊరి నుంచి గౌరీబిదనూరు, దొడ్డబళ్లాపురం దారిలో తెల్లవారక ముందే కదిలే బండ్లు మీరు రోజూ చూస్తూనే ఉంటారు. బెంగళూరులో బొమ్మనహళ్లి, పీణ్య, మైసూరు రోడ్డు చుట్టుపక్కల కలిపి నాలుగు లక్షల మంది దాకా కుట్టుమిషన్ల మీద బతుకుతున్నారని అంచనా. వారిలో నూటికి ఎనభై మందికి పైగా స్త్రీలే. కన్నడ పల్లెల వాళ్లతో పాటు మన అనంతపురం, సత్యసాయి, చిత్తూరు జిల్లాల వాళ్లు, ఈ మధ్య ఒడిశా, ఝార్ఖండ్ నుంచి వచ్చిన పిల్లలు కూడా అందులో ఉన్నారు. అటు మన రాష్ట్రంలోనే అచ్యుతాపురం దగ్గర బ్రాండిక్స్ అనే బట్టల కంపెనీ ప్రాంగణంలో వేలమంది ఆడవాళ్లు పని చేస్తున్నారు. ఊరు మారినా, కంపెనీ మారినా యాజమాన్యాల నోట వినిపించే ఫిర్యాదు మాత్రం ఒక్కటే: మనుషులు నిలవడం లేదు.

కార్మికుల పీఎఫ్, గ్రాట్యుటీ కాగితాలు చూసే పని నాది. ఆ పని మీద ఒకసారి ఒక ఫ్యాక్టరీ ఆఫీసుకు వెళ్లాను. అక్కడి అధికారి మర్యాదస్తుడు, టీ తెప్పించాడు. "ఈ ఆడవాళ్లు నిలవరు మేడమ్. పెళ్లని ఒకరు, కాన్పని ఒకరు, పండగకు వెళ్లి తిరిగి రానివారు ఇంకొకరు" అని రాజీనామాల ఫైలు నా ముందు పెట్టాడు. ఒక్కొక్క కాగితమే తిరగేశాను. అన్నీ ఒకే చేతిరాత. ఆఫీసు గుమాస్తా రాసిపెట్టినవి. 'సొంత పనుల వల్ల ఉద్యోగం మానుకుంటున్నాను, దయచేసి నా లెక్క తేల్చగలరు' అన్న అదే వాక్యం ప్రతి కాగితంలోనూ ఉంది. పేరు, టోకెన్ నంబరు, సంతకం మాత్రం మారుతున్నాయి. కొన్నింటి మీద వేలిముద్ర.

ఆ కాగితాల్లోని కొందరిని తర్వాత ఇళ్ల దగ్గర కలిశాను. ఒకామె చెల్లెలి పెళ్లికి మూడు రోజులు సెలవు అడిగితే, 'పెళ్లికి వెళ్తే ఇక అక్కడే ఉండు' అన్నారట. ఒకామెను కాలరు కుట్టే మిషను నుంచి చెప్పాపెట్టకుండా కఫ్ మిషనుకు మార్చి, మొదటి రోజే పాతవాళ్లతో సమానంగా పీసులు ఇవ్వలేదని అందరి ముందూ తిట్టారు. ఆమె మధ్యాహ్నం భోజనం చేయకుండా ఇంటికి వచ్చేసింది, మళ్లీ వెళ్లలేదు. ఇంకొకామె తన కూతురి కాలేజీ ఫీజు కోసం పీఎఫ్ తీసుకోవాలని మానేసింది. ఆమె అప్పటికే పక్క ఫ్యాక్టరీలో చేరిపోయింది. ఇవేవీ ఫైలులో లేవు.

నేను చెప్పదలచుకున్నది ఇదే. గార్మెంట్ ఫ్యాక్టరీలో పని మానేయడం అంటే ఒక ఫిర్యాదు చేయడం. నోటితో చెప్పడానికి చోటు లేక కాళ్లతో చేసే ఫిర్యాదు. దాన్ని ఆడవాళ్ల చంచలత్వంగా రాసుకుంటూ పోతే ఫ్యాక్టరీకి నష్టం, మానేసిన మనిషికి అంతకంటే పెద్ద నష్టం.

ఆడవాళ్లు కాబట్టి నిలవరు అన్న మాట ఎంత తప్పో చెప్పడానికి నూరేళ్ల కిందటి సంగతి ఒకటి ఉంది. అమెరికాలో మిషిగన్ రాష్ట్రంలోని హైలాండ్ పార్కులో హెన్రీ ఫోర్డ్ కార్ల ఫ్యాక్టరీ. 1913లో అక్కడ కదిలే అసెంబ్లీ లైను పెట్టారు. తయారవుతున్న కారు కదిలి మనిషి ముందుకు వస్తుంది, మనిషి ఒక్కచోటే నిలబడి ఒక్కటే పని రోజంతా చేయాలి. ఆ ఏడాది అక్కడ ఉద్యోగుల వలస (పని మానేసి వెళ్లిపోవడం) 370 శాతం. అంటే వంద ఉద్యోగాలు నిండుగా ఉంచడానికి ఏడాదిలో మూడువందల డెబ్బై మందిని తీసుకోవలసి వచ్చింది. అక్కడ పనిచేసినవాళ్లు మగవాళ్లు. పెళ్లి, కాన్పు, అత్తగారు అనే సాకులేవీ వాళ్లకు లేవు. 1914 జనవరిలో ఫోర్డ్ రోజు కూలి ఐదు డాలర్లకు పెంచి, పనిగంటలను తొమ్మిది నుంచి ఎనిమిదికి తగ్గించాక ఆ వలస చాలా వేగంగా పడిపోయింది. లైను పద్ధతికి, మనిషి పారిపోవడానికి ఉన్న సంబంధం అంత పాతది.

ఇప్పుడు మన లైను దగ్గరికి వద్దాం. విద్యార్థుల కోసం కొంచెం లెక్క చెబుతాను, అక్కలు ఓపిక పట్టాలి.

ఒక చొక్కా మొత్తం కుట్టడానికి ఇన్ని నిమిషాలు పట్టాలని ఇండస్ట్రియల్ ఇంజినీర్లు గడియారం పట్టుకుని కొలుస్తారు. దాన్ని సామ్ అంటారు. ఒక చొక్కా సామ్ 24 నిమిషాలు అనుకుందాం. లైనులో నలభై మంది టైలర్లు, ఒక్కొక్కరికి రోజుకు 480 నిమిషాలు. మొత్తం 19,200 నిమిషాలు. 24తో భాగిస్తే రోజుకు 800 చొక్కాలు, గంటకు వంద. కానీ అది కాగితం మీది లెక్క. దారం తెగుతుంది, సూది విరుగుతుంది, కరెంటు పోతుంది, కత్తిరింపు సరిగా రాదు, మనిషి మనిషే కదా, అలసిపోతుంది. అందుకని నూటికి అరవై వస్తే చాలని గంటకు అరవై చొక్కాలకు టార్గెట్ పెడతారు. ఇక్కడిదాకా న్యాయంగానే కనిపిస్తుంది. అరవై ఇచ్చిన మర్నాడు బోర్డు మీద అరవై ఐదు ఉంటుంది.

ఆ బోర్డు లైను చివర వేలాడుతూ ఉంటుంది. తొమ్మిది నుంచి పది, పది నుంచి పదకొండు అని గంటల వారీగా గడులు. పైన టార్గెట్, కింద వచ్చిన పీసులు, దాని పక్కన తగ్గినవి ఎర్ర సిరాతో. పదకొండు గంటలకు పన్నెండు పీసులు తగ్గితే ఆ పన్నెండూ తర్వాతి గంట నెత్తిన పడతాయి. సాయంత్రానికి ఆ తగ్గుదల ముప్పయ్యో నలభయ్యో అయితే, గంట కొట్టిన తర్వాత కూడా లైను లేవదు. ఆ అరగంటకు ఓటీ, అంటే అదనపు పనికి కూలి, రాస్తారా? మీరే చెప్పండి. (సభలో "రాయరు" అని గొంతులు.) మామూలు కూలికి రెట్టింపు ఓటీ ఇవ్వాలన్నది 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం నుంచీ ఉన్న నియమమే. అది ఓటీ కాదని, తగ్గిన పని పూర్తి చేయడమని వాదిస్తారు.

నలభై మందిలో ముగ్గురు రాకపోతే టార్గెట్ తగ్గదు. హెల్పరును మిషను మీద కూర్చోబెడతారు. ఆమె చేతి కింద బట్టల కట్టలు పేరుకుపోతాయి, వెనుక మిషనువాళ్లు ఖాళీగా కూర్చుంటారు, వాళ్లందరి చూపులూ ఆమె మీదే. పక్క మిషను మనిషే విసుక్కుంటుంది, ఎందుకంటే లైను తగ్గితే ఇన్సెంటివ్ ఎవరికీ రాదు. అలా ఒకరి మీద ఒకరికి చిరాకు కలిగేటట్టు ఆ ఏర్పాటే ఉంది. ఆ హెల్పరు మూడో రోజు రాకపోతే ఆశ్చర్యం ఏముంది? అప్పుడు నలుగురు తగ్గినట్టు. మిగిలినవాళ్ల మీద భారం మరింత పెరుగుతుంది, వాళ్లలో ఇంకొకరు మానేస్తారు. ఒత్తిడి వల్ల వలస, వలస వల్ల మళ్లీ ఒత్తిడి.

1979లో రాబర్ట్ కరాసెక్ అనే పరిశోధకుడు పని ఒత్తిడి గురించి ఒక సూత్రం చెప్పాడు. పని భారం ఎక్కువ ఉండటం ఒక్కటే మనిషిని దెబ్బతీయదు. భారం ఎక్కువగా ఉండి, ఆ పనిని ఎప్పుడు ఎలా చేయాలో నిర్ణయించుకునే స్వేచ్ఛ తక్కువగా ఉన్నప్పుడు శరీరం, మనసు రెండూ చెడతాయి అన్నాడు. వేళకు వార్త ఇవ్వవలసిన విలేకరికి కూడా భారం ఉంటుంది, కానీ అతను లేచి టీ తాగి రావచ్చు. మిషను మీద కూర్చున్న మనిషి ఎప్పుడు నీళ్లు తాగాలో, ఎప్పుడు బాత్‌రూముకు వెళ్లాలో కూడా ఇంకొకరే నిర్ణయిస్తారు.

ఈ బాత్‌రూము సంగతి సభల్లో మాట్లాడటానికి అందరూ మొహమాటపడతారు. నేను మాట్లాడతాను. లేచి వెళ్తే నాలుగు పీసులు తగ్గుతాయి, వెళ్లాలంటే సూపర్‌వైజరును అడగాలి, అతను చాలాచోట్ల మగవాడు. అందుకని పొద్దున్నుంచీ నీళ్లు తాగడం మానేస్తారు. బాటిల్ నిండుగా తెచ్చి నిండుగానే ఇంటికి తీసుకెళ్లే ఆడవాళ్లు నాకు తెలుసు. నీళ్లు తాగకపోతే మూత్రంలో మంట, ఇన్‌ఫెక్షను, జ్వరం. నెలసరి రోజుల్లో చెప్పనక్కరలేదు. పైన రేకుల వేడి, గాలిలో దూది నలుసు, మెడ వంచి ఎనిమిది గంటలు. జ్వరం వచ్చి రెండు రోజులు రాకపోతే అది 'చెప్పకుండా మానడం' కింద రాస్తారు, హాజరు బోనస్ పోతుంది. కొన్నాళ్లకు ఆమె పూర్తిగా మానేస్తుంది. కాగితంలో మళ్లీ 'సొంత పనుల వల్ల'. ఆమె మూత్రపిండాల నొప్పి సొంత పనా?

తిట్టే సూపర్‌వైజరు గురించి కూడా చెప్పాలి. అతని తరఫున వాదించడానికి కాదు, ఎందుకంటే తల్లినీ కులాన్నీ కలిపి తిట్టే నోటికి ఏ ఒత్తిడీ సాకు కాదు. కానీ అతను ఎవరో గుర్తుంచుకోండి. నిన్నటిదాకా కటింగులోనో చెకింగులోనో పనిచేసిన మనిషి. జీతం మీకంటే కొద్దిగా ఎక్కువ. మనుషులతో ఎలా మాట్లాడాలో అతనికి ఒక్కరోజు కూడా నేర్పలేదు. గంట గంటకూ ఫ్లోర్ ఇన్‌ఛార్జి అతన్ని అడుగుతాడు, ఆయన్ని ప్రొడక్షన్ మేనేజరు అడుగుతాడు, ఆయనకు షిప్‌మెంటు తేదీ ముంచుకొస్తూ ఉంటుంది. ఆలస్యమైతే ఓడ మీద పోవలసిన సరుకు ఫ్యాక్టరీ ఖర్చుతో విమానంలో పోవాలి, ఆ ఆర్డరు మీద లాభమంతా అక్కడే ఆవిరి. ఎక్కడో యూరప్‌లో, అమెరికాలో ఉన్న బ్రాండు ధర తగ్గించింది, గడువు తగ్గించింది, చివరి నిమిషంలో బొత్తాం రంగు మార్చింది. ఆ మార్పు మెట్టు మెట్టుగా దిగి వచ్చి చివరకు తిట్టుగా మారి మిషను మీద కూర్చున్న మనిషి చెవిన పడుతుంది.

ఫ్యాషన్ ఎంత తొందరగా మారితే ఇది అంత ఎక్కువవుతుంది. వెనుకటికి ఒకే రకం చొక్కా నెలల తరబడి కుట్టేవాళ్లు. చేతికి అలవాటైపోయేది. ఇప్పుడు ఆర్డర్లు చిన్నవి, స్టైల్ వారానికోసారి మారుతుంది. కొత్త స్టైల్ వచ్చిన మొదటి రెండు మూడు రోజులు ఎంత చేయి తిరిగిన టైలరైనా నెమ్మదిస్తుంది. ఆ రెండు మూడు రోజులే తిట్లు ఎక్కువ పడే రోజులు. మీ ఫ్యాక్టరీలో మనుషులు ఏ వారాల్లో ఎక్కువ మానేస్తున్నారో, కొత్త స్టైల్ ఏ వారాల్లో ఎక్కిందో పక్కపక్కన పెట్టి చూడండి అని నేను మేనేజర్లకు చెబుతుంటాను. రెండు రిజిస్టర్లూ వాళ్ల దగ్గరే ఉంటాయి.

ఇక ఎవరు ఎప్పుడు మానేస్తారు అన్నది. నెలకు నూటికి ఎనిమిది మంది వెళ్లిపోయే ఫ్యాక్టరీని ఊహించండి. వెయ్యి మందిలో నెలకు ఎనభై, ఏడాదికి తొమ్మిదివందల అరవై. ఏడాదిలో ఫ్యాక్టరీ అంతా మారిపోయిందని అనిపిస్తుంది. కానీ అదే ఫ్యాక్టరీలో ఎనిమిదేళ్లు, పదేళ్లు కదలకుండా ఉన్నవాళ్లు కూడా ఉంటారు. అంటే కొన్ని కుర్చీలే మళ్లీ మళ్లీ ఖాళీ అవుతున్నాయి. ముఖ్యంగా చేరిన మొదటి మూడు నాలుగు నెలల్లో. పద్దెనిమిదేళ్ల పిల్ల శిక్షణ కేంద్రంలో నెమ్మదిగా కుట్టడం నేర్చుకుని, ఒక్కసారిగా బోర్డు ఉన్న లైనులోకి వచ్చి పడుతుంది. తిట్టు అంటే ఏమిటో అక్కడ మొదటిసారి వింటుంది. ఆ మొదటి నెలల్లో ఆమె పక్కన ఒక పాత టైలరును కూర్చోబెట్టి, ఆ పాత మనిషికి టార్గెట్ సగం చేస్తే ఫ్యాక్టరీకి అయ్యే ఖర్చు ఎంత? ఆ పిల్ల వెళ్లిపోతే ఇంకొకరిని వెతికి, నేర్పి, కూర్చోబెట్టడానికి అయ్యే ఖర్చు ఎంత? ఎం.బి.ఏ. వాళ్లు ఈ లెక్క వేసి చూడండి, అంతకంటే మంచి ప్రాజెక్టు మీకు దొరకదు.

నాలుగైదేళ్లు పనిచేసినవాళ్లు మానడం వేరే కథ. ఇక్కడ జీతం గురించి మాట్లాడాలి. ఈ పరిశ్రమలో దాదాపు అందరికీ ఇచ్చేది ప్రభుత్వం ప్రకటించిన కనీస వేతనమే. పదేళ్ల అనుభవం ఉన్న టైలరుకూ, నిన్న చేరిన టైలరుకూ మధ్య తేడా కొన్ని వందలు దాటదు. ఇక్కడ మానేసి అక్కడ చేరితే పోయేదేమీ లేనప్పుడు మనిషి ఎందుకు నిలవాలి? ఉన్నచోటే ఉంటే పెరిగేది ఏమిటి, మెడనొప్పి తప్ప?

ఆ కనీస వేతనం కూడా నికరం కాదు. 2020 ఏప్రిల్‌లో కర్ణాటకలో కరువు భత్యం నెలకు సుమారు 417 రూపాయలు పెరగవలసి ఉండగా, కోవిడ్ పేరు చెప్పి యాజమాన్యాలు ఇవ్వలేదు. దాదాపు నాలుగు లక్షల మందికి అందవలసిన డబ్బు అది. కార్మిక సంఘాలు కోర్టుకు వెళ్లి, బయటి దేశాల సంస్థలు బ్రాండ్ల మీద ఒత్తిడి తెచ్చాక, 2022లో పెద్ద కంపెనీలు బకాయిలు చెల్లించడానికి ఒప్పుకున్నాయి. నాలుగు వందలే కదా అని ఎవరైనా అంటే, నెలాఖరులో గ్యాస్ సిలిండరు అయిపోయిన ఇంట్లో నాలుగు వందల విలువ ఎంతో అడగమనండి.

గ్రాట్యుటీ సంగతి చాలామందికి తెలియదు కాబట్టి చెబుతున్నాను. 1972 నాటి గ్రాట్యుటీ చట్టం నుంచీ ఉన్న నియమం ప్రకారం సాధారణ ఉద్యోగి ఐదేళ్లు ఎడతెగకుండా పనిచేస్తే, ఏడాదికి పదిహేను రోజుల జీతం చొప్పున రావాలి. మూల వేతనం, కరువు భత్యం కలిపి 11,000 అయితే ఐదేళ్లకు దాదాపు 31,700 రూపాయలు. నాలుగేళ్లు దాటిన మనిషి మీద తిట్లు ఎక్కువయ్యాయని, చిన్న తప్పుకు గేటు దగ్గర నిలబెట్టారని నా దగ్గరికి వచ్చి చెప్పినవారు ఉన్నారు. అన్నిచోట్లా అలా జరుగుతుందని నేను అనను. కానీ నాలుగేళ్ల పది నెలలకు రాజీనామా కాగితం ముందు పెట్టి సంతకం చేయమంటే, చేయకండి. ముందు ఎవరినైనా అడగండి.

పీఎఫ్ గురించి చెప్పకుండా ఈ వలస అర్థం కాదు. ఈ కుటుంబాలకు బ్యాంకులో పొదుపు ఉండదు. ఉన్న పొదుపంతా పీఎఫ్ ఖాతాలోదే. అది పూర్తిగా చేతికి రావాలంటే ఉద్యోగం మానాల్సి వచ్చేది, మానిన రెండు నెలలకు దరఖాస్తు పెట్టాల్సి వచ్చేది. ఏళ్ల తరబడి నడిచిన పద్ధతి అది. అందుకని వడ్డీవాడి అప్పు తీర్చాలన్నా, ఆడపిల్ల పెళ్లి చేయాలన్నా, ఇంటి కప్పు వేయాలన్నా చాలామందికి మానేయడమే మార్గంగా కనిపించేది. మానేసి, ఆ రెండు నెలలు ఇళ్లలో పనో చిన్న యూనిట్లో పీసు రేటుకో కుట్టి, డబ్బు వచ్చాక ఇంకో ఫ్యాక్టరీలో కొత్త మనిషిగా చేరేవారు. కాగితాల్లో అది ఉద్యోగి చంచలత్వం. నిజానికి ఆ ఇంటి ఆర్థిక మంత్రి చేసిన బడ్జెట్.

2016 ఫిబ్రవరిలో కేంద్ర ప్రభుత్వం యజమాని వాటా పీఎఫ్‌ను 58 ఏళ్ల వయసు దాకా తీసుకోకూడదని నోటిఫికేషను ఇచ్చింది. ఢిల్లీలో కూర్చున్నవారికి అది వృద్ధాప్య భద్రత. నలభై ఏళ్లకే చూపు తగ్గి, నడుము పడిపోయి ఫ్యాక్టరీ బయటికి వచ్చే మనిషికి 58 ఏళ్లు అంటే ఏమిటి? ఏప్రిల్ 18న బెంగళూరులో గార్మెంట్ ఆడవాళ్లు మిషన్లు ఆపి హోసూరు రోడ్డు మీదికి వచ్చారు. పిలుపు ఇచ్చిన నాయకుడు లేడు, జెండా లేదు, ముందస్తు కరపత్రం లేదు. మర్నాటికి వేలమంది. నగరం స్తంభించింది. పోలీసులు లాఠీలు ఎత్తారు, కొందరు ఆడవాళ్ల మీద కేసులు పెట్టారు. ఏప్రిల్ 19 సాయంత్రానికి కేంద్రం ఆ నోటిఫికేషను రద్దు చేసుకుంది. ఆ రెండు రోజుల ఫలితం దేశంలోని పీఎఫ్ సభ్యులందరికీ దక్కింది, కంప్యూటర్ ఆఫీసుల్లో కూర్చునేవారితో సహా. 'వీళ్లు నోరు లేనివాళ్లు' అని ఎవరైనా అంటే నాకు కోపం వస్తుంది. నోరు ఉంది. వినే చెవి ఫ్యాక్టరీ లోపల లేదు.

తల్లుల గురించి ఒక మాట. ముప్పై మందికి మించి ఆడవాళ్లు ఉంటే శిశు సంరక్షణ గది ఉండాలని 1948 చట్టం చెప్పింది. చాలా ఫ్యాక్టరీల్లో గది ఉంటుంది, ఊయలలు ఉంటాయి, తనిఖీ రోజు బొమ్మలు కూడా ఉంటాయి. పిల్లలే ఉండరు. గంటన్నర ప్రయాణం, కూర్చోవడానికి చోటు లేని బండిలో ఆరు నెలల పసిబిడ్డను ఎత్తుకుని ఎవరు తెస్తారు? అందుకే కాన్పు తర్వాత చాలామంది తిరిగి రారు. 2017 నుంచి ప్రసూతి సెలవు 26 వారాలు అయింది, మంచిదే. ఇరవై ఏడో వారంలో బిడ్డను ఫ్యాక్టరీ దాకా ఎలా తేవాలో మాత్రం ఆ చట్టం చెప్పలేదు. సంరక్షణ కేంద్రం ఉండవలసింది కార్మికుల ఊళ్లో, బండి ఎక్కే చోట. ఒకే ఊరి నుంచి నాలుగు ఫ్యాక్టరీలకు ఆడవాళ్లు వెళ్తుంటే ఆ నాలుగూ కలిసి ఒక కేంద్రం నడపలేవా? అంగన్‌వాడీ వేళలు సాయంత్రం ఏడు దాకా పొడిగించలేమా? ఇది అసాధ్యమైన కోరిక కాదు.

మనుషులు మానకుండా ఉంటే చాలు, అదే ఆరోగ్యకరమైన ఫ్యాక్టరీ అనుకునేవారికి ఒక హెచ్చరిక. తమిళనాడు పశ్చిమ జిల్లాల స్పిన్నింగ్ మిల్లుల్లో సుమంగళి అనే పథకం నడిచింది. పెళ్లికాని పేదింటి పిల్లలను మూడేళ్లకు తీసుకుని, మూడేళ్లూ పూర్తి చేస్తేనే పెళ్లి ఖర్చులకు ఒక మొత్తం ఇస్తామనేవారు. మధ్యలో మానితే ఆ డబ్బు పోయినట్టే. హాస్టలు గేటు దాటాలంటే అనుమతి కావాలి. అక్కడ వలస తక్కువగా కనిపించవచ్చు. తలుపుకు తాళం వేసిన చోట ఎవరూ బయటికి పోవడం లేదని సంతోషించకూడదు. ఇప్పుడు దూర రాష్ట్రాల పిల్లలతో నిండుతున్న హాస్టళ్లను చూస్తుంటే నాకు అదే భయం. వాళ్లకు భాష రాదు, ఆదివారం రెండు గంటలు బయటికి వదులుతారు. దసరాకో దీపావళికో ఊరికి వెళ్లినప్పుడు అక్కడే ఆగిపోతారు, ఎందుకంటే కాదు అని చెప్పగలిగిన చోటు వాళ్లకు అదొక్కటే.

కాదు అని చెప్పలేకపోతే ఏమవుతుందో బంగ్లాదేశ్ చూసింది. 2013 ఏప్రిల్ 23న రానా ప్లాజా భవనానికి పగుళ్లు వచ్చాయి. కింద అంతస్తులోని బ్యాంకు తన సిబ్బందిని ఇంటికి పంపింది. పై అంతస్తుల గార్మెంట్ కార్మికులను మాత్రం మర్నాడు పనికి రమ్మన్నారు, రాకపోతే జీతం పోతుందన్నారు. 24న భవనం కూలి 1,134 మంది చనిపోయారు. మన అచ్యుతాపురంలోనూ 2022లో జూన్‌లో ఒకసారి, ఆగస్టులో మరోసారి విషవాయువు పీల్చి వందమందికి పైగా చొప్పున ఆడవాళ్లు ఆసుపత్రి పాలయ్యారు. రెండోసారి జరిగిందంటే మొదటిసారి ఎవరి మాట వినలేదో ఆలోచించండి.

మరి వింటే ఏమవుతుంది? దీనికి ఊహ అక్కరలేదు, పరీక్షించి చూసినవారు ఉన్నారు. అచ్యుత అధ్వర్యు, తెరెసా మోలినా, అనంత్ న్యషాధం అనే ఆర్థికవేత్తలు మన దేశపు గార్మెంట్ ఫ్యాక్టరీల్లో ఒక ప్రయోగం చేశారు. జీతాల పెంపు ఆశించినంత రాక కార్మికులు నిరాశపడిన సమయం అది. లాటరీ పద్ధతిలో కొందరిని ఎంచుకుని, పేరు బయటపెట్టకుండా, మీ పని ఎలా ఉంది, సూపర్‌వైజరు ఎలా ఉన్నాడు, మీకు తృప్తిగా ఉందా అని అడిగారు. అంతే. జీతం పెంచలేదు. అయినా అలా అడిగించుకున్నవారిలో పని మానడం, నాగాలు పెట్టడం తగ్గాయి. ఎక్కువ నిరాశపడినవారిలోనే ఎక్కువ తగ్గాయి. బెంగళూరు ఫ్యాక్టరీల్లోనే జరిగిన ఇంకో అధ్యయనంలో పాత దీపాలు తీసి ఎల్ఈడీ దీపాలు పెడితే ఫ్లోరులో వేడి తగ్గి, ఎండ రోజుల్లో కూడా పీసులు పెరిగాయని తేలింది. వేడి తగ్గితే పని పెరుగుతుందని మన టైలర్లు ఎన్నేళ్లుగా చెబుతున్నారు?

మొదటి ప్రయోగం గురించి నాకు ఒక భయం కూడా ఉంది. అడిగితే చాలు, ఇవ్వనక్కరలేదు అని యాజమాన్యాలు దాన్ని చదువుకుంటాయేమో. ఒకసారి అడిగితే మనిషి ఆశపడుతుంది. రెండోసారి అడిగి కూడా ఏమీ చేయకపోతే మూడోసారి నోరు తెరవదు. అందుకే నా నమ్మకం యూనియను మీద, పనిచేసే కమిటీల మీద. గార్మెంట్ అండ్ టెక్స్‌టైల్ వర్కర్స్ యూనియన్, ఆడవాళ్లే నడిపే గార్మెంట్ లేబర్ యూనియన్ కర్ణాటకలో ఏళ్లుగా ఈ పని చేస్తున్నాయి. ఫిర్యాదు చేసిన మనిషి మర్నాడు కూడా అదే మిషను దగ్గర కూర్చోగలగాలి. ఆ హామీ ఫ్యాక్టరీ పెట్టిన సలహాల పెట్టె ఇవ్వలేదు, పక్కన నలుగురు నిలబడితేనే వస్తుంది.

విద్యార్థులకు నా అభ్యర్థన: మీరు ఏ ఫ్యాక్టరీలో చేరినా, రాజీనామా కాగితం మీద 'సొంత పనులు' అన్న మాట చూసి ఫైలులో పెట్టేయకండి. ఆ మనిషి వెళ్లిన నెల తర్వాత, లెక్క పూర్తిగా చేతికి అందాక, ఫ్యాక్టరీకి సంబంధం లేని ఒక ఆడమనిషితో ఫోను చేయించండి. జీతం డబ్బులు ఫ్యాక్టరీ దగ్గర ఉన్నంతకాలం ఎవరూ నిజం చెప్పరు. వచ్చిన జవాబులను లైను వారీగా, సూపర్‌వైజరు వారీగా రాయండి. అలా రాస్తే, పదిహేను లైన్లలో రెండు మూడు లైన్లు మిగతావాటికంటే వేగంగా ఖాళీ అవుతున్నాయని మీకే కనిపిస్తుంది. అక్కడికి వెళ్లి నిలబడి చూడండి, బోర్డును కాదు, మనుషులను.

అక్కలకు చెప్పవలసింది ఇంకా చాలా ఉంది కానీ, ఆరున్నరకు బస్సులు ఉన్నాయని చీటీ వచ్చింది. జీతం చీటీ, పీఎఫ్ యూఏఎన్ నంబరు తెచ్చుకున్నవారు ఎడమ పక్క బల్ల దగ్గరికి రండి. పాత ఫ్యాక్టరీ ఖాతా, కొత్త ఖాతా వేరువేరుగా ఉన్నాయేమో చూసి కలిపే దరఖాస్తు ఇక్కడే నింపుతాం. ఫోనులో ఓటీపీ వస్తుంది, అది ఎవరికీ చెప్పకండి, మీరే నొక్కండి. దూరం వెళ్లవలసినవాళ్లు ముందు నిలబడండి.